జనాభా జన్యుశాస్త్రం, 3వ పాఠం: జబ్బు కనిపించని చోట జన్యువును లెక్కపెట్టడం

ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాలే యుగ్మవికల్పాలని క్రిందటి పాఠంలో చూశాం. ఈసారి కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఇది చదివితే వచ్చేది కాదు, చేస్తేనే వస్తుంది.

ఆదిలాబాద్, విశాఖ ఏజెన్సీల్లోని గిరిజనులను బాధిస్తున్న సికిల్ సెల్ అనే రక్తపు జబ్బునే తీసుకుందాం. రక్తంలో ప్రాణవాయువును మోసే ప్రొటీన్ హిమోగ్లోబిన్. దాని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ అనే మరో అమైనో ఆమ్లం చేరుతుంది. మార్పు అంతే. మామూలు రూపం ‘ఎ’, మారిన రూపం ‘ఎస్’. ప్రతి మనిషిలో ఈ జన్యువుకు రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండూ ఎస్ అయితే, అంటే ఎస్ఎస్ ఉంటే జబ్బు. ఎఎస్ వాళ్లు వాహకులు, అంటే ఒక్క ఎస్ ప్రతిని మోసేవాళ్లు, సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. రక్తపరీక్షలో ఎఎ, ఎఎస్, ఎస్ఎస్ మూడూ విడివిడిగా తెలుస్తాయి కనుక లెక్క నేర్చుకోవడానికి ఈ జన్యువు చాలా అనువైనది.

అభ్యాసం కోసం ఊహించిన అంకెలివి: 500 మంది పెద్దల్లో ఎఎ 402, ఎఎస్ 96, ఎస్ఎస్ 2. మనిషికి రెండేసి చొప్పున మొత్తం 1000 ప్రతులు. వాటిలో ఎస్ ప్రతులు 96 + 4 = 100. కాబట్టి ఎస్ వాటా, అంటే క్యూ = 0.1. ఎ వాటా, అంటే పి = 0.9.

1908లో ఇంగ్లండులో గణితవేత్త హార్డీ, జర్మనీలో వైద్యుడు వైన్‌బర్గ్ ఎవరికి వారుగా చెప్పిన సూత్రం: పి² + 2పిక్యూ + క్యూ² = 1. ఇవి వరుసగా ఎఎ, ఎఎస్, ఎస్ఎస్ వాళ్ల వాటాలు. దీని ప్రకారం మన 500 మందిలో ఎఎ 405, ఎఎస్ 90, ఎస్ఎస్ 5 ఉండాలి. మనకు ఎస్ఎస్ తగ్గారు, ఎఎస్ పెరిగారు. జబ్బుతో కొందరు చిన్నతనంలోనే పోయి ఉండవచ్చు. అయితే ఇంత చిన్న తేడా కాకతాళీయంగానూ రావచ్చు, తొందరపడి తీర్పు చెప్పకండి. ఈ సూత్రానికి షరతులున్నాయి: జనాభా పెద్దది కావాలి, వలసలు, ఉత్పరివర్తనాలు (జన్యువులో కొత్తగా వచ్చే మార్పులు), ప్రకృతివరణం (కొన్ని రూపాలున్నవాళ్లే ఎక్కువగా బతికి పిల్లల్ని కనడం) ఉండకూడదు, పెళ్లిళ్లు ఈ జన్యువుతో సంబంధం లేకుండా జరగాలి. మేనరికాలు ఎక్కువైతే ఎస్ఎస్ వాళ్లు పెరుగుతారు, ఎస్ వాటా మాత్రం దానివల్ల మారదు.

ఇప్పుడు అసలు సంగతి. సూత్రం ప్రకారం 100 ఎస్ ప్రతుల్లో 90 వాహకుల్లోనే ఉంటాయి. ‘జబ్బున్నవాళ్లు పిల్లల్ని కనకపోతే జబ్బే పోతుంది’ అనేవాళ్లను నేను చాలామందిని చూశాను. లెక్క చేసి చూద్దాం. ఎస్ఎస్ వాళ్లెవరికీ పిల్లలు పుట్టకపోతే తర్వాతి తరంలో ఎస్ వాటా క్యూ/(1+క్యూ), అంటే 0.1/1.1, సుమారు 0.091. అది సగానికి రావాలంటే పది తరాలు పడుతుంది. ఆ మాట మనుషుల్ని నొప్పించడానికి తప్ప జబ్బును తగ్గించడానికి పనికిరాదు.

పైగా మలేరియా ఉన్న చోట ఎఎస్ పిల్లలకు తీవ్ర మలేరియా నుంచి రక్షణ ఉంటుంది. ఆఫ్రికాలో పరిశీలించి 1954లో ఆలిసన్ అనే శాస్త్రవేత్త దీన్ని ప్రకటించాడు. ఒకవైపు జబ్బు ఎస్‌ను తగ్గిస్తుంటే మరోవైపు మలేరియా దాన్ని నిలబెడుతుంది.

అభ్యాసం: మరో అంతర్గత జబ్బు (మారిన ప్రతులు రెండూ ఉంటేనే వచ్చేది) 10,000 మందిలో ఒకరికి ఉంది. వాహకులెందరు? ముందు క్యూ² నుంచి వర్గమూలం తీయండి, తర్వాత 2పిక్యూ. సుమారు 50 మందిలో ఒకరు అని వస్తే మీ లెక్క సరైనదే.