వైపర్ మోటార్ కదలనప్పుడు ఏం చూడాలి

వైపర్లు ఆగిపోగానే చాలామంది నేరుగా మోటార్ మార్పించేస్తారు. కానీ మోటార్ బాగానే ఉండి, దానికి కరెంటు అందకనో, వైపర్లను ఆడించే లింకేజీ తుప్పుతో బిగుసుకుపోయో అవి నిలిచిపోయే సందర్భాలు తక్కువేమీ కావు.

ముందు చెవి పెట్టి వినాలి. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, అద్దం తడిపి స్విచ్ వేయండి. మోటార్ తిరిగే చప్పుడు వస్తున్నా వైపర్లు కదలకపోతే వాటి మొదట్లోని నట్టు వదులైందో, లింకేజీ జాయింటు ఊడిందో చూడాలి. మూలుగు మాత్రమే వినిపిస్తే వెంటనే స్విచ్ ఆపేయాలి. బిగుసుకున్న మోటార్ మామూలుకన్నా చాలా ఎక్కువ కరెంటు లాగి ఫ్యూజును, ఒక్కోసారి తన లోపలి తీగ చుట్టలనే కాల్చుకుంటుంది.

ఏ చప్పుడూ లేకపోతే ఫ్యూజు చూడండి. పోయి ఉంటే అదే ఆంపియర్లది వేయాలి. కొత్తదీ పోతోందని పెద్ద ఫ్యూజు వేయడం మాత్రం వైరు కాలడానికి దారి చేయడమే.

ఫ్యూజు బాగుంటే అద్దం కింది ప్లాస్టిక్ కవరు తీసి, మోటార్ కనెక్టర్‌ను ఊడదీయకుండానే, స్విచ్ వేసి ఉంచి, తక్కువ వేగం వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టండి. సుమారు 12 వోల్టులు చూపిస్తే కరెంటు వస్తున్నట్టే. అప్పుడు బ్యాటరీ నెగటివ్ నుంచి మోటార్ ఎర్త్‌కు (మోటార్‌ను కారు బాడీకి కలిపే నెగటివ్ కనెక్షన్‌కు) విడి వైరు ఒకటి తగిలించండి. మోటార్ తిరిగిందంటే తప్పు ఎర్త్‌దే. మా పాత కారులో జరిగింది ఇదే: ఎర్త్ బోల్టు కింద పచ్చగా చిలుము పట్టి ఉంది, గరుకు కాగితంతో రుద్ది బిగించాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

ఎర్త్ బాగున్నా తిరగకపోతే స్పానర్ పిడితో మోటార్‌ను మెల్లగా తట్టండి. కదిలితే లోపలి కార్బన్ బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగి ఉండవచ్చు. వోల్టేజీ అసలు రాకపోతే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), వైపర్ స్విచ్, వైరింగ్‌లలో తప్పు వెతకాలి. ఎక్కువ వేగంలో మాత్రం తిరుగుతుంటే ఫ్యూజు, ఎర్త్ బాగున్నట్టే. తక్కువ వేగం బ్రష్, స్విచ్, ఆ వేగం వైరు చూడాలి.

మోటార్ విప్పక తప్పకపోతే, ముందుగా అద్దం మీద వైపర్లు ఆగే చోట టేపు అంటించి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కరెంటు ఉండగా లింకేజీలో వేళ్లు పెట్టకూడదు, అది ఉన్నట్టుండి తిరిగితే ఎముక విరగవచ్చు. కొత్త మోటార్ బిగించి, బ్యాటరీ నెగటివ్ మళ్లీ తగిలించాక, వైపర్లు పెట్టకుండా ఒకసారి స్విచ్ వేసి ఆపి, మోటార్ మామూలుగా ఆగే స్థానానికి వచ్చి నిలిచిన తర్వాతే టేపు గుర్తుల దగ్గర వైపర్లు బిగించాలి.