కుక్క పళ్ళు తోమనివ్వడం లేదా? బ్రష్ మార్చే ముందు పెదవి ఎత్తి చూడండి

కుక్క పళ్ళు తోమనివ్వట్లేదని అడిగేవాళ్ళు అప్పటికే రెండు బ్రష్‌లు, మూడు రకాల పేస్టులు మార్చేసి ఉంటారు. పెదవి ఎత్తి చూశారా అంటే మాత్రం నీళ్ళు నములుతారు. నోరు తెరిపించక్కర్లేదు. పై పెదవిని పక్క నుంచి పైకెత్తి, కాస్త వెనక్కి లాగితే దవడలో అన్నిటికంటే పెద్ద పన్ను కనిపిస్తుంది. అది రెండు వైపులా చూశాకే మిగతా సంగతి.

సమస్య: బ్రష్ కనిపించగానే మంచం కింద దూరుతోంది

కారణం చాలావరకు భయమే. మొదటి రోజే ఇద్దరు పట్టుకుని తోమి ఉంటారు, లేదా మన పేస్టు పెట్టి ఉంటారు. ఆ ఘాటు, నురగ దానికి పడవు. పైగా కుక్క ఉమ్మేయదు, మింగేస్తుంది. ఫ్లోరైడ్ మింగడం మంచిది కాదు, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న పేస్టయితే ప్రాణం మీదికొస్తుంది.

కొన్నాళ్ళు బ్రష్ దాచేయండి. కుక్కల కోసం అమ్మే పేస్టు వేలితో నాకించండి. అలవాటయ్యాక వేలికి పలచటి గుడ్డ చుట్టి ముందు పళ్ళు రుద్దండి, ఆ తర్వాతే మెత్తటి బ్రష్. ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. పళ్ళ బయటి వైపు తోమితే చాలు.

సమస్య: ఒక వైపు ఊరుకుంటోంది, రెండో వైపు ముట్టుకుంటే గుర్రుమంటోంది

ఎక్కువ మందిని బోల్తా కొట్టించేది ఇదే. 'మొండిది సార్' అంటారు. మొండితనమైతే రెండు వైపులా ఉండాలి కదా!

ఆ వైపు పెద్ద పన్ను పగిలి ఉండొచ్చు. ఆదివారం మటన్ వండితే మూలుగ బొక్క కుక్కకే వెళ్తుంది. ఎండబెట్టిన గిట్టలు, కొమ్ము ముక్కలు షాపుల్లోనే అమ్ముతున్నారు. గట్టిగా కొరికినప్పుడు పన్ను బయటి పక్క పెచ్చులా లేచిపోతుంది. లాలాజలం వచ్చే దారి సరిగ్గా అక్కడే ఉండటంతో గార, అంటే గట్టిపడ్డ పాచి, కూడా ఆ పన్నుకే ఎక్కువ పడుతుంది. పగులు గార కింద దాక్కుంటుంది. మనం మురికి అనుకుని అక్కడే ఇంకా గట్టిగా రుద్దుతాం.

'బాగానే తింటోందిగా' అన్న మాట నమ్మకండి. నొప్పి ఉన్నా కుక్క తినడం మానదు. రెండో వైపు నములుతుంది, లేదా నమలకుండా మింగేస్తుంది. నమలని వైపు గార ఇంకా పెరుగుతుంది. అందుకే ఒక పక్క తెల్లగా, ఒక పక్క పచ్చగా ఉంటే అనుమానించండి. తింటుంటే గింజలు కింద పడటం, బొమ్మ కొరకడం మానేయడం కూడా గుర్తులే. కంటి కింద వాపొస్తే పురుగు కుట్టిందనుకుంటారు. మందులతో తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. చీము పంటి వేరు దగ్గర ఉంటే కంటికి మందేసి ఏం లాభం?

తోమడం ఆపి డాక్టర్‌కి చూపించండి. హైదరాబాద్‌లో అయితే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకో, నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకో, మీ దగ్గర్లోని క్లినిక్‌కో వెళ్ళేముందు పళ్ళ ఎక్స్‌రే తీస్తారా అని కనుక్కోండి. మత్తిచ్చే చూడాలి, మత్తుకు ముందు రక్త పరీక్ష చేయించాలి. మత్తు లేకుండా గార గీకేస్తామంటే వద్దనండి. పైకి తెల్లబడుతుంది, చిగురు కింద ఉన్నది అలాగే ఉంటుంది. ఇంట్లో ఉన్న మన నొప్పి మాత్రలు అసలు వేయకండి. పన్ను తీయాల్సి వస్తే, తీశాక డాక్టర్ సరేననే వరకు బ్రష్ ముట్టుకోకండి, ఆ తర్వాత మళ్ళీ వేలి దగ్గర్నుంచే మొదలుపెట్టండి. నొప్పి పోయినా భయం ఉంటుంది.

సమస్య: తోముతుంటే రక్తం

చిగుళ్ళ వాపయితే మెత్తగా రోజూ తోముతుంటే తగ్గుతుంది. చిగుళ్ళు పాలిపోయి, జ్వరంతో నీరసంగా ఉంటే అది పళ్ళ సమస్య కాకపోవచ్చు. పిడుదుల జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అదే రోజు రక్త పరీక్ష చేయించండి.

సమస్య: తోముతున్నా కంపు పోవట్లేదు

వారానికోసారి తోమితే తోమనట్టే. పాచి రెండు మూడు రోజుల్లో గట్టిపడి గారవుతుంది, గార బ్రష్‌కి రాదు. ఒకసారి క్లినిక్‌లో శుభ్రం చేయించి రోజూ తోమండి.

నాలుగైదు నెలల పిల్లయితే పళ్ళు మారుతున్నాయేమో, కొన్నాళ్ళు ఆగండి. పొమేరేనియన్‌కి పాల కోరపన్ను ఊడకుండా పక్కనే కొత్తది వస్తే తీయించాలి. నోట్లో గడ్డ కనిపిస్తే ఫొటో తీసి నలుగురికీ పంపకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.