సాండో షాపులో మొదటిసారి లంచ్ చేస్తుంటే

లాస్ ఏంజెలెస్‌లోనో బే ఏరియాలోనో ఉంటే జపనీస్ సాండో (అంటే శాండ్‌విచ్) షాపుకి ఒకసారి లంచ్‌కి వెళ్ళండి, రద్దీ మొదలవకముందే వెళ్తే మంచిది. మొదటిసారైతే చికెన్ కాత్సు సాండో తీసుకోండి: షోకుపాన్ అనే మెత్తటి పాల బ్రెడ్ మధ్య పాంకో అనే జపనీస్ బ్రెడ్ పొడి అద్ది వేయించిన మందపాటి ముక్క, పుల్లగా తియ్యగా ఉండే సాస్, సన్నగా తరిగిన క్యాబేజీ, నాకైతే ఇంతకంటే మంచి లంచ్ లేదు. మెనూలో టొంకాత్సు అని ఉంటే అది పంది మాంసం, చూసుకోండి. గుడ్డు తినేవాళ్ళకి తమాగో సాండో, అంటే గుడ్డు శాండ్‌విచ్ ఉంటుంది, అందులో వేసే క్యూపీ మయొనైజ్‌ని పచ్చసొనతోనే చేస్తారు కాబట్టి ఆ చిక్కదనమే వేరు. పూర్తి శాకాహారులు ఫ్రైస్ మీద చల్లే ఫురికాకే అనే జపనీస్ పొడి గురించి ముందే అడగండి, చాలావాటిలో ఎండు చేప ఉంటుంది. పార్సిల్ మాత్రం వద్దు, ఆవిరికి మెత్తబడిపోతుంది. కారం కావాలంటే షిచిమి అనే జపనీస్ కారప్పొడి అడిగి చల్లుకోండి.