మంట ఆరిందా? లైటర్ పక్కన పెట్టండి

మొన్న తెలిసినాయన డాబా మీద, మట్టి ప్రమిదలు కాల్చే గ్యాస్ బట్టీ మూత ఎగిరి పిట్టగోడ అవతల పడింది. ఆయన కనుబొమలు కాలాయి, ముంజేయి బొబ్బలెక్కింది. కళ్ళజోడు ఉండబట్టి చూపు దక్కింది. దీపావళికి ప్రమిదలు కాలుస్తున్నాడు. పాత డ్రమ్ము, లోపల వేడి బయటికి పోకుండా సిరామిక్ ఫైబర్ దుప్పటి, కింద ఒక బర్నర్. ఇంట్లో మట్టిపని చేసే మనలో చాలామంది కట్టుకున్నదే. ఇక కార్తీకం అయ్యేదాకా ఇవి చాలా ఇళ్ళమీద మండుతూనే ఉంటాయి.

పైపుకి సబ్బునీళ్ళు పూసి చూడటం, పక్కన ఇసుక బకెట్ పెట్టుకోవడం లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను.

జరిగింది ఇదీ. పచ్చి ప్రమిదల్లో తేమ పోవాలని సన్న సెగ పెట్టి, మూత వేసి, టీ తాగడానికి కిందికి దిగాడు. గాలికి మంట ఆరింది. గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. పైకొచ్చి, "అరె, ఆరిపోయిందే" అని లైటర్ నొక్కాడు.

ఎల్పీజీ గాలికన్నా బరువు. డ్రమ్ము అడుగున నీళ్ళలా నిలుస్తుంది. గాలిలో నూటికి 2 పాళ్ళు కలిస్తే చాలు, నిప్పు తగలగానే పేలుతుంది. బట్టీ లోపల ఎర్రగా కాగాక ఆరిన మంట చాలాసార్లు ఆ వేడికే తిరిగి అంటుకుంటుంది. అసలు గండం మొదటి గంటల్లోనే, సన్న సెగే కదా అని మనం వదిలేసి వెళ్ళేటప్పుడే. నేను చూసిన మూడు ప్రమాదాలూ ఇలాగే జరిగాయి. ముగ్గురూ చెయ్యి తిరిగినవాళ్ళే.

కాబట్టి మంట ఆరితే ముందు సిలిండర్ దగ్గర గ్యాస్ కట్టెయ్యండి. మూత పూర్తిగా తీయండి. అడుగున చేరిన గ్యాస్ కిందినుంచే పోవాలి, బర్నర్ కన్నం మూసి ఉంచకండి. పావుగంట ఆగండి. ఫ్యాన్ పెడదామని స్విచ్ జోలికి పోకండి, దాని నిప్పురవ్వ కూడా నిప్పే. తర్వాత మూత తీసే ఉంచి, పొడవాటి కడ్డీ చివర మంట పట్టుకుని, అప్పుడు గ్యాస్ తిప్పండి. మంట ముందు, గ్యాస్ తర్వాత.

మంట ఎందుకు ఆరుతుందో కూడా చూసుకోవాలి. గంటల తరబడి గ్యాస్ లాగితే సిలిండర్ చల్లబడి మంచు పడుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. రెండు సిలిండర్లు కలిపి వాడితే ఆ బాధ తగ్గుతుంది. పడుకోబెడితే మాత్రం ద్రవమే బర్నర్‌లోకి వస్తుంది. తడి ప్రమిద పగిలి ముక్క బర్నర్ మీద పడినా ఆరుతుంది. బట్టీలో పేర్చేముందే ప్రమిదని చెంపకి ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడే.

మంట ఆరగానే గ్యాస్ ఆపేసే సేఫ్టీ వాల్వ్ దొరుకుతుంది. ఇంకో బర్నర్ కొనేముందు అది కొనండి.

అమ్మకానికి కాల్చేవాళ్ళు 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోండి. వంటింటి 14.2 కిలోలది దీనికి కాదు.

ఫైబర్ దుప్పటి కోసేటప్పుడూ, కాలిన దుప్పటి కదిపేటప్పుడూ ఎన్95 మాస్క్.

మూడువైపులా మూసిన రేకుల షెడ్డులో కాల్చకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

పాలిస్టర్ బట్టలు వద్దు. చున్నీ వద్దు.

సంపు మూత, డ్రైనేజీ గుంత దగ్గర బట్టీ వద్దు.

వెలిగించేటప్పుడు మొహం పక్కకి.

బట్టీ వదిలి టీకి పోవద్దు. టీ పైకి తెప్పించుకోండి.

మంట ఆరితే గ్యాస్ కట్టు, మూత తియ్యి, పావుగంట ఆగు.

వాసన పోకపోతే డాబా దిగి, దూరంగా వెళ్ళి 1906కి ఫోన్ చేయండి. సిలిండర్ పక్కన నిలబడి కాదు.