మెయిళ్లు స్పామ్‌లో పడుతుంటే
మా చీరల షాపు బిల్లులు కస్టమర్ల స్పామ్‌లో పడుతుంటే నేను ముందు చూసేది ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు, అంటే మెయిల్ నిజంగా మా డొమైన్ (మా వెబ్ చిరునామా) నుంచే వచ్చిందని చూపే సెట్టింగులు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ వీటిలో కనీసం ఒకటైనా ఉండాలంటోంది. మీరు రెండూ పెట్టండి. జీమెయిల్‌లో 'షో ఒరిజినల్' నొక్కితే పాసయ్యాయో లేదో తెలుస్తుంది.

పాసైనా మెయిల్ తిరిగొస్తుంటే ఆ బౌన్స్ మెసేజ్ పూర్తిగా చదవండి. అందులో 550 (మెయిల్ తీసుకోలేదని చెప్పే కోడ్) పక్కన మీ సర్వర్ ఐపీ (దాని ఇంటర్నెట్ నంబరు) బ్లాక్‌లిస్ట్‌లో ఉందని రాసి ఉంటే, షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే చాలామంది కలిసి వాడే సర్వర్‌లో, మరెవరో పంపిన స్పామ్‌కు శిక్ష మీకు పడుతుండొచ్చు. ఇది నిజంగా అన్యాయం. సపోర్ట్‌వాళ్లు ఐపీ మార్చకపోతే హోస్టింగ్ కంపెనీనే మార్చేయండి.

కొత్తవాళ్లను డిస్కౌంట్ కాదు, రెన్యూవల్ ధర అడగండి. గంటకు ఎన్ని మెయిళ్లు పంపనిస్తారో కూడా. మారే ముందురోజే ఎంఎక్స్ రికార్డు (మీకొచ్చే మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేది) టీటీఎల్‌ను, అంటే పాత వివరం ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే సమయాన్ని, 300 సెకన్లకు తగ్గించండి. పాత మెయిళ్లన్నీ ఐమ్యాప్‌తో (సర్వర్‌లోని మెయిళ్లను యాప్‌లో తెరిచే పద్ధతి) కాపీ అయ్యేదాకా పాత అకౌంట్ రద్దు చేయకండి.