పాలమూరు, నల్లగొండ బడులకు తగిన ఉపాధ్యాయ డిగ్రీని రూపొందించే పద్ధతి

ఉపాధ్యాయ విద్యలో కొత్త డిగ్రీ ప్రారంభించాలని ఒక విశ్వవిద్యాలయ శాఖ నిర్ణయించుకున్నప్పుడు, తొలి సమావేశంలో బల్ల మీదికి వచ్చేది సాధారణంగా మరో విశ్వవిద్యాలయపు సిలబస్ ప్రతి. ఆ ప్రతిని కనీసం రెండు నెలలు పక్కన పెట్టమని నా మనవి. 2007లో నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత, ఈ ప్రాంతపు బడులకు కావలసిన ఉపాధ్యాయులను ఇక్కడి అవసరాలను బట్టి తీర్చిదిద్దే అవకాశం మన చేతికి వచ్చింది. దానిని వాడుకోవాలంటే పని బడిలో మొదలుపెట్టాలి.

ఆ రెండు నెలల్లో శాఖలోని ప్రతి అధ్యాపకుడూ ఏడెనిమిది బడులలో పూర్తి రోజు కూర్చోవాలి. దేవరకొండ వైపు ఒక తండా బడి, అమ్రాబాద్ వైపు చెంచు పెంటకు, అంటే చెంచుల చిన్న గూడేనికి, దగ్గరి బడి, నారాయణపేట జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకున్న ఊరి బడి, పట్టణంలో ఒక ఉర్దూ మాధ్యమ పాఠశాల, ఒక పెద్ద ఉన్నత పాఠశాల ఆ జాబితాలో తప్పక ఉండాలి. ప్రతిచోటా మూడు విషయాలు రాసుకుంటే చాలు: ఒక ఉపాధ్యాయుడు ఒకే సమయంలో ఎన్ని తరగతులను చూస్తున్నాడు, పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడుతున్నారు, ఏడాదిలో ఏ నెలల్లో హాజరు పడిపోతోంది. 2009 విద్యాహక్కు చట్టపు షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల బడిలో అరవై మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు సరిపోతారు. అంటే చిన్న ఊళ్లలో ఐదు తరగతులను ఇద్దరు పంచుకోవడం అక్కడి మామూలు పరిస్థితి. నా శిక్షణ రోజుల్లో మాత్రం ప్రతి పాఠ్యపథకమూ ఒక గది, ఒక తరగతి, ఒక పీరియడ్ అన్న ఊహ మీదే రాయించారు. రికార్డు నిండా పాఠాలు రాసి వెళ్లిన నేను, ఒక తండా బడిలో రెండో తరగతి పిల్లలు నా తెలుగు అర్థంకాక మౌనంగా చూస్తూ కూర్చున్నప్పుడు ఏం చేయాలో తెలియక నిలబడిపోయాను. ఆ పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

తరువాత తేల్చుకోవలసింది ఏ దశకు ఉపాధ్యాయులను తయారుచేయాలన్నది. బీఈడీ అర్హతతో ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయ పోస్టులకు అర్హత రాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు ఇచ్చింది కనుక, ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతులకు బోధించే సెకండరీ గ్రేడ్ టీచర్) కావాలనుకునే విద్యార్థిని రెండేళ్ల బీఈడీలో చేర్చుకోవడం అతనికి అన్యాయం చేయడమే. 2030 నాటికి నాలుగేళ్ల సమీకృత బీఈడీ ఉపాధ్యాయులకు కనీస డిగ్రీ అర్హత కావాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. ఆ సమీకృత కోర్సును పునాది, సన్నాహక, మధ్య, మాధ్యమిక దశలకు విడివిడిగా రూపొందించే వీలుంది. మన ప్రాంతంలో మొదటి రెండు దశలకే, అంటే ఐదో తరగతి వరకు, ప్రాధాన్యం ఇవ్వాలని నా అభిప్రాయం. పిల్లలకు చదవడం, రాయడం రాక ఆగిపోయేది అక్కడే.

అనుమతుల విషయంలో వరుస తప్పకూడదు. బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్‌ను ఖరారు చేసే శాఖా సంఘం), అకడమిక్ కౌన్సిల్, పాలక మండలి ఆమోదాలు విశ్వవిద్యాలయం లోపలి పని. 1993 నాటి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి) చట్టం ప్రకారం కొత్త సంస్థకు 14వ సెక్షన్ కింద గుర్తింపు, ఇప్పటికే గుర్తింపు ఉన్న సంస్థలో కొత్త కోర్సుకు 15వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి. అవి లేకుండా విశ్వవిద్యాలయం అనుబంధం ఇవ్వడానికి గానీ పరీక్ష జరపడానికి గానీ 16వ సెక్షన్ ఒప్పుకోదు. ఈ వరుస పూర్తికాక ముందే ప్రవేశాలు జరిపితే నష్టపోయేది పట్టా పట్టుకుని డీఎస్సీకి వెళ్లే విద్యార్థే.

ఇక పాఠ్యాంశాల సంగతి. బడుల్లో రాసుకున్న మూడు విషయాలూ మూడు పూర్తి పత్రాలుగా మారాలి. బహుళ తరగతి బోధనను ఏదో ఒక యూనిట్ చివర రెండు పేజీలకు కుదించకుండా, ఒకే గదిలో రెండు తరగతులను నడిపే కాలపట్టిక, స్వయం అభ్యాస సామగ్రి, పెద్ద పిల్లలతో చిన్నపిల్లలకు చదివించే పద్ధతి వంటివాటిని ఒక సెమిస్టరంతా చేయించాలి. భాషా పత్రంలో లంబాడీ ఇంటి భాషగా ఉన్న పిల్లలకు తెలుగును రెండో భాషగా నేర్పే పద్ధతి ఉండాలి. సొరకాయను ఆనిగెపుకాయ అన్న పిల్లవాడు తప్పు మాట్లాడాడని అనుకోని ఉపాధ్యాయుడు ఆ పత్రం నుంచి బయటికి రావాలి. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టి, తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ముద్రించిన ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. ఆ పుస్తకంతో ఎప్పుడు ఏ భాషలో చెప్పాలో నేర్పకపోతే, ఉపాధ్యాయుడు వాక్యం చదివి అనువాదం చేయడంతోనే పాఠం ముగుస్తుంది. మూడోది, తల్లిదండ్రులతో పుణే, ముంబై వైపు వలస వెళ్లి తొలకరికి తిరిగివచ్చే పాలమూరు పిల్లలను మళ్లీ తరగతిలో కలుపుకొనే విధానం. సైన్స్ మెథడాలజీలో మర్రిగూడ, నాంపల్లి మండలాల ఫ్లోరైడ్ నీటిని నమూనాగా తీసుకుని నీటి పరీక్ష చేయించవచ్చు.

ఇంటర్న్‌షిప్ ఈ డిగ్రీకి ప్రాణం. ఎన్‌సీటీఈ 2014 నిబంధనలు రెండేళ్ల బీఈడీలోనే మొత్తం ఇరవై వారాలు బడిలో గడపాలని నిర్దేశించాయి. చాలాచోట్ల అది సంతకాల పుస్తకంగా మిగిలిపోతోంది. జిల్లా విద్యాశాఖాధికారి ద్వారా రాతపూర్వక ఒప్పందం చేసుకుని, ఒక బడికి ఇద్దరు లేదా ముగ్గురికి మించకుండా ఛాత్రోపాధ్యాయులను (శిక్షణలో ఉన్న విద్యార్థులను) పంపి, వారానికొకసారి అధ్యాపకుడు అక్కడ కూర్చుని చూడాలి. అనుభవజ్ఞుడైన ఒక ఉపాధ్యాయుడిని మార్గదర్శిగా నియమించి, మూల్యాంకనంలో సగం మార్కులు ఆయన చేతికే ఇవ్వాలి. రవాణా ఖర్చును విద్యార్థి మీద వేయకూడదు. వేస్తే దూరపు తండాకు ఎవరూ వెళ్లరు.

అధ్యాపకుల ఎంపికలో ప్రాథమిక బడిలో కొన్నేళ్లయినా బోధించినవారికి చోటివ్వాలి, డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకుల సహకారం కోరాలి.

మొదటి బ్యాచ్ బయటికి వెళ్లాక శాఖ వారిని వదిలిపెట్టకూడదు. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది రెండుసార్లు వారి బడికి వెళ్లి, శిక్షణలో ఏది పనికివచ్చిందో, ఏది లేక ఇబ్బంది పడ్డారో వారి ఎదుటే రాసుకోవాలి. ఆ కాగితాలను మరుసటి బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశంలో మొదటి అంశంగా చేర్చి, ఆ సమావేశానికి ఒక తండా బడి ప్రధానోపాధ్యాయుడిని, చుట్టుపక్కల బడుల సముదాయాన్ని చూసే ఒక కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయుడిని సభ్యులుగా పిలవాలి.