డిజిటల్ గేముకు మాన్యువల్ ఎక్కడుంటుంది?

కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కొన్న పాత గేముకు మాన్యువల్ రాలేదని వదిలేయకండి. చాలావాటికి పీడీఎఫ్ ఉంటుంది, వెంటనే కంటికి ఆనదంతే. స్టోర్ పేజీలో కుడివైపు కిందికి వెళ్తే లింకు కనిపించవచ్చు. లేదంటే లైబ్రరీలో గేము పేరు మీద రైట్‌క్లిక్ చేసి, మేనేజ్‌లో 'బ్రౌజ్ లోకల్ ఫైల్స్' నొక్కి ఆ ఫోల్డర్‌లో వెతకండి. జీఓజీ అనే మరో గేముల స్టోర్‌లో అయితే ఎక్స్‌ట్రాస్‌లో చూడండి, దాన్ని విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాలి.

1990ల నాటి స్ట్రాటజీ గేములు ఆడేవాళ్లు ఈ పని తప్పక చెయ్యండి. వాటిలో చాలావాటికి ట్యుటోరియల్ ఉండదు, ఏ కీ ఎందుకో మాన్యువల్ చూస్తేనే తెలుస్తుంది. అప్పట్లో కొన్ని గేములు మాన్యువల్‌లోని ఫలానా పేజీలో ఫలానా పదం ఏమిటని అడిగి, చెప్తేనే ముందుకు పోనిచ్చేవి! ఎక్కడా దొరక్కపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో గేము పేరుతో వెతకండి, స్కాన్ చేసిన పాత మాన్యువళ్లు బోలెడున్నాయి.